జీడినూనె

ఉమకు కాన్పయిన నాలుగో నెలలో జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన పెడితే కుచ్చులుగా ఊడి వచ్చేది. అన్నంలో వెంట్రుక కనబడిన రోజు అత్త జములమ్మ కంచాన్ని వాకిట్లోకి విసిరేసింది.

"తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న రోగం. మా ఇంట్ల ఏ ఆడిదానికీ గిట్ల లేదు" అంది.

కాన్పు నుంచి ఉమకు అన్నం, కారప్పొడి తప్ప ఏమీ పెట్టనివ్వలేదు జములమ్మ. పప్పు వాతమట, గుడ్డు వేడట, ఆకుకూర తింటే పాలు తాగే బిడ్డకు విరేచనాలట. లేచి నిలబడితే ఉమకు కళ్లు తిరిగేవి. భర్త మల్లేశ్‌కు చెబితే "అమ్మకు తెల్వదా?" అని పెబ్బేరు సంతకు పశువుల బేరానికి పోయేవాడు.

ఒకనాటి సాయంత్రం జములమ్మ, దిష్టికి కట్టే నల్ల జీడిగింజలు దంచి నూనెలో కాచి తెచ్చింది.

"వద్దత్తమ్మా, అది ఒళ్లు కాలుస్తది" అంది ఉమ.

"మంట పుడితేనే పనిజేస్తది. నోరు మూసుకొని కూసో" అంటూ జములమ్మ ఆమె మెడ వంచి నడినెత్తిన రుద్దింది.

తెల్లారేసరికి నెత్తి బొబ్బలెక్కింది. కనురెప్పలు వాచిపోయాయి. మల్లేశ్ భార్యను చూశాడు, తల్లిని చూశాడు, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. ఉమ బిడ్డను చంకనేసుకుని ఒక్కతే వనపర్తి బస్సెక్కింది.

దవాఖానలో డాక్టరమ్మ పుండు కడిగించి, రక్తపరీక్ష చేయించి, ఏం తింటున్నావని అడిగింది. ఉమ చెప్పింది.

"కాన్పయిన కొన్ని నెలలకు జుట్టు ఊడుడు చానామందికి ఉంటదమ్మా, దానంతటదే ఆగుతది. నీకు రక్తం గూడ తక్కువున్నది, అందుకే ఇంత ఊడుతున్నది. పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం అన్నీ తిను. రక్తానికి గోలీలిస్త. నెత్తికి ఈ మలాం తప్ప ఇంకేదీ పెట్టనియ్యకు. బాగా కాలిన కాడ మాత్రం మళ్ల మొలుస్తదో లేదో చెప్పలేను."

ఇంటికి రాగానే జములమ్మ గోలీల పొట్లం గుంజుకుని మురుగునీళ్ల మోరీలోకి విసిరింది.

"గివి మింగితే పాలు విషమైతయి."

ఉమ వంగి ఆ పొట్లం తీసింది. గోలీల అట్టలు నల్లా కింద కడిగి, ఒక గోలీ మింగింది. తరువాత గుడ్లు ఉడకబెట్టుకుని అందరికీ కనబడేలా గడప మీద కూర్చుని తిన్నది.

"నా మాట ఇననోళ్లు నా ఇంట్ల ఉండొద్దు" అంది జములమ్మ.

"పోను. ఈడనే ఉంట, ఈడనే తింట. మళ్ల నా తల మీద చెయ్యేస్తే ఆ చెయ్యి ఇరగ్గొడ్త."

అప్పుడే వచ్చిన మల్లేశ్ "అమ్మతోని గట్లనా మాట్లాడేది?" అన్నాడు.

"నా నెత్తి కాలినప్పుడు నీకు నోరు లేదు. ఇప్పుడెందుకు లేస్తున్నది?"

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పొయ్యిలు రెండయ్యాయి.

ఎండాకాలానికి ఉమ నుదుటి పైన కొత్త జుట్టు పొట్టిపొట్టిగా లేచింది. నడినెత్తిన మాత్రం నున్నటి మచ్చ మిగిలింది. ఒకరోజు నల్లా దగ్గర జములమ్మ నలుగురిలో గొప్పగా చెప్పింది.

"నేను నూనె పెట్టబట్టే మొలిసింది. దవాఖానోళ్లకు ఏం తెలుసు?"

వెనక నిలబడ్డ ఉమ బిందె దించి, ముడి విప్పి, ఆడవాళ్ల ముందు తల వంచింది.

"మా అత్త నూనె పెట్టింది ఈడ. చూడుండ్రి."

జములమ్మ సగం నిండిన బిందె ఎత్తుకుని, కోడలి మీదికి నీళ్లు చిందేలా పక్క నుంచి విసవిసా వెళ్లిపోయింది.