లక్ష జతల మేజోళ్ళు

మేనత్త బొత్తాల డబ్బాలో బొత్తాలతో పాటు ఒక పాత చిప్పు ఉండేది. ముప్పై అయిదేళ్ళ క్రితం మేజోళ్ళ మిల్లులో యంత్రాన్ని నడిపిన ప్రోగ్రాం అందులోనే ఉంది. రాసింది ఆవిడే. లక్షో జత పడగానే ప్రింటర్ మీద ఒక వాక్యం అచ్చయ్యేలా చివర్లో గుట్టుగా ఓ ముక్క చేర్చింది. ఏ వాక్యమో ఎవరికీ చెప్పలేదు. లెక్క అరవై వేలు దాటకముందే మిల్లు మూతపడి, యంత్రం తుక్కులోకి పోయింది; చిప్పు మాత్రం ఆవిడ తెచ్చుకుని దాచుకుంది. రాసిన మనిషే దాన్ని కళ్ళారా చూడలేదు.

ఆవిడ తమ్ముడు ఊరుకుంటాడా? ఇంటికి ఎవరొచ్చినా "మా అక్క లక్ష జతల కోతలు విన్నారా?" అని మొదలుపెట్టేవాడు. ఆవిడా నవ్వేసేది. ఆ నవ్వు వెనక ఎంత చిన్నబోయేదో తమ్ముడి కూతురు, అంటే ఆవిడ మేనకోడలు, చిన్నప్పుడే కనిపెట్టింది. అందుకే చిప్పులోని ప్రోగ్రాంని బయటికి తీసి, నాలుగు నెలలు కూర్చుని, ఆ యంత్రం బోర్డు పనంతా తన కంప్యూటర్‌లోనే జరిగేలా ఎమ్యులేటర్ రాసింది. ఇప్పుడు దానికి కళ్ళూ నోరూ కావాలి. జత పడిందని చెప్పే సెన్సర్, ప్రింటర్, రెండూ ఉత్తుత్తివే, తయారు చేసి తగిలించింది.

ఆదివారం ఉదయం ముగ్గురూ తెర ముందు చేరారు. లెక్క పరుగెత్తింది. వంద దగ్గర ఠక్కున ఆగింది. ఉలుకూ పలుకూ లేదు.

"వందకే ఆయాసమొచ్చింది, ఇంక లక్షట" అన్నాడు తమ్ముడు.

అత్త మొహం వాడిపోయింది. "ఇన్నేళ్ళకి చిప్పే పాడైపోయిందేమోనే. ఇవాళ కాకపోతే ఆ చిప్పు పారేస్తాను" అంది.

మేనకోడలు ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో వెతికింది. వందకోసారి లెక్క అచ్చువేయాలి, అక్కడే మొండికేసింది.

అత్త తెర దగ్గరికి జరిగి, "నీ ప్రింటర్ ఒక్కో అక్షరానికి ఎంతసేపు తీసుకుంటోంది?" అని అడిగింది.

"అసలు టైమే పట్టదత్తా. పంపగానే అయిపోతుంది."

"అదీ తిరకాసు. అది మధ్యలో 'ఆగు, పనిలో ఉన్నా' అనాలి. ఆ మాట వినబడకపోతే వైరు ఊడిందనుకుని నా ప్రోగ్రాం ఆగిపోతుంది. మిల్లులో రోజుకొకరు ఆ వైరుని తన్నేవాళ్ళు మరి."

మేనకోడలు నెత్తి కొట్టుకుంది. అత్త పక్కనే కూర్చుని పాత ప్రింటర్ గుణగణాలన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది: అక్షరానికి ఇంత ఆలస్యం, వరుస మొదట్లో ఇంకాస్త బద్ధకం. అంత చురుకైన ప్రింటర్‌ని పనిగట్టుకుని సోమరిగా మార్చింది పిల్ల. తర్వాత మొత్తం ఎమ్యులేటర్ గడియారాన్నే వంద రెట్లు వేగంగా తిప్పింది. లోపలున్న ప్రోగ్రాంకి మాత్రం అంతా మామూలుగానే కనిపిస్తుంది.

ఈసారి వంద దాటింది. వెయ్యి దాటింది. అరవై వేలూ దాటింది. ఆ పైన అంతా కొత్త దారే. అత్త మేనకోడలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లక్ష.

తెర మీది కాగితంపై అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి: "లక్ష అయింది. ఇందులో ఒక జత మా తమ్ముడికి తీసిపెట్టండి. వాడి కాళ్ళు ఎప్పుడూ చల్లగా ఉంటాయి."

తమ్ముడు రెండుసార్లు చదివాడు. "సైజు రాయలేదేం అక్కా?" అన్నాడు.

"అప్పటికి నీ కాళ్ళు ఇంకా పెరుగుతున్నాయి కదరా."

ఆయన నవ్వబోయి ఏడ్చేశాడు. మేనకోడలికి పట్టరానంత సంతోషమేసింది. అత్త మాత్రం తెర మీంచి చూపు తిప్పకుండా, "ఇంకోసారి నడిపించవే, కళ్ళజోడు మసకేసి సరిగ్గా చూళ్ళేదు" అంది.