మెట్ల మీద నవ్వనివాళ్ళు

కట్ చెప్పలేదు. అందుకే అందరూ నవ్వుతూనే ఉన్నారు.

మెట్ల అడుగున పిన్ని బోర్లా పడి ఉంది. కుడి చెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయింది. బత్తాయిలు ఒక్కొక్కటే దొర్లుకుంటూ వచ్చి ఆమె తలకి తగులుతున్నాయి. రెండు పక్కలా నిలబడ్డ సంతజనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వు మొదలుపెట్టింది నవ్వులక్క. ఆమె ఉద్యోగమే అది. అసిస్టెంటు చేతిరుమాలు ఊపగానే ముందు ఆమె నవ్వాలి, దాన్ని అందుకుని మిగతా జనం నవ్వాలి, డైరెక్టర్ కట్ చెప్పేదాకా ఎవరూ ఆపకూడదు.

"అమ్మా" అన్న కేక ఆమెకీ వినపడింది. మా పిన్ని ఎంత బాగా చేస్తోందో అనుకుని ఇంకాస్త గట్టిగా నవ్వింది.

"కట్! అదిరిపోయింది! ఇదే ఓకే!" డైరెక్టర్ షాటు కనపడే తెర ముందు కుర్చీలోంచి గంతేశాడు. "ఆ పడటం చూశారా? ఎంత సహజంగా ఉందో! ట్రైలర్లో ఇదే వేద్దాం."

పిన్నిని లేవదీసినప్పుడు మణికట్టు వేలాడిపోయింది. అప్పటికిగాని అది నిజం కేకని నవ్వులక్కకి తెలీలేదు.

ఈ మెట్ల సీనున్న పాత సినిమా చూడనివాళ్ళెవరున్నారు? అలిగిన హీరోయిన్ బత్తాయిల బుట్టని కాలితో తన్నేస్తుంది. బతిమాలుకుంటూ వెనకాలే వస్తున్న హీరో జారి పడతాడు. సంతంతా ఘొల్లుమంటుంది, ఆమె కూడా ఆపుకోలేక నవ్వేస్తుంది, అలక తీరిపోతుంది. పెళ్ళాం మొహం తిప్పుకున్నప్పుడల్లా మొగుళ్ళు ఇప్పటికీ ఆ సీనే తలుచుకుంటారు. అందులో రెండో మెట్టు మీద పూలచీర కట్టుకుని నవ్వే పడుచుపిల్ల పిన్నే. టీవీలో ఆ సినిమా వస్తే చాలు, వీధివీధంతా "అదిగో పిన్ని!" అని కేకలేసేది.

ఇప్పుడు దాన్నే మళ్ళీ తీస్తున్నారు. హీరో ఒక్కడు పడితే ఈ నిర్మాతకి ఆనలేదు. మెట్లమీద సబ్బునీళ్ళు పోయించి, సంతలో వాళ్ళు కూడా వరసగా పడాలన్నాడు. హీరో బదులు పడటానికి డూపు ఉన్నాడు. ఆ డూపు పడేచోట పరుపుంది. జనం పడేచోట గచ్చు ఉంది.

"అప్పట్లో మాకూ పరుపులు వేసేవారండీ" అని పొద్దున్నే పిన్ని ఏజెంటుతో అంది. షూటింగులకి జనాన్ని తోలే పెద్దమనిషి అతను.

"అప్పట్లో నీ వయసెంత, ఇప్పుడెంత? చెయ్యలేకపోతే చెప్పు, వెనకాల బోలెడుమంది ఉన్నారు" అన్నాడు. పిన్ని కొంగు బిగించి మెట్లెక్కింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని పడుకున్న పిన్ని చేతిని గురించి ఏడవలేదు.

"ఇరిగింది అతుక్కుంటుందిలేవే. ఆ ముక్క మాత్రం సినిమాలో పెట్టొద్దని చెప్పు. నేను నొప్పితో అరుస్తుంటే ఊళ్ళకి ఊళ్ళు కూర్చుని నవ్వుతాయా? రేపు నా మనవలు చూడరూ?"

"ముందు నవ్వింది నేనే పిన్నీ."

"నువ్వు దూరంగా ఉన్నావు, నీకు తెలీలేదు. వాడు తెరలో నా మొహం దగ్గర్నుంచి చూశాడు. వాడికి తెలుసు."

మర్నాడు నవ్వులక్క డైరెక్టర్ దగ్గరికి తిన్నగా వెళ్ళి అడిగింది. అంత బాగా వచ్చిన ముక్క ఎవరైనా తీసేస్తారా అన్నాడాయన. "మీ పిన్ని స్టారైపోతుందమ్మా" అని నవ్వాడు కూడా. ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

భోజనాల వేళ జనమంతా సెట్టు వెనకాల చేరారు. ముందునుంచి చూస్తే మూడంతస్తుల మేడలు. వెనకనుంచి చూస్తే కర్రలూ గోనెగుడ్డలూ. నవ్వులక్క నవ్వకుండా మాట్లాడటం వాళ్ళు చూడటం అదే మొదలు.

"సీను చివర ఇవాళ తీస్తారు. రుమాలు ఊపుతారు. నేను నవ్వను. మీరూ నవ్వకండి."

"నీకేం, ఎన్నైనా చెప్తావు" అంది సెట్లో బత్తాయిలు అమ్మే బుట్టలావిడ. "నోటికాడ కూడు పోతుంది. మన బదులు రేపు ఇంకో బండెడు మందిని దింపుతాడు."

"దింపనీ" అన్నాడు మీసాల బాబాయి. ఆ మీసాల పుణ్యాన ఆయనకి ఎప్పుడూ కానిస్టేబుల్ వేషమే. ఇప్పుడూ ఖాకీలోనే ఉన్నాడు. "నిన్న మనందర్నీ మెట్లమీద తీసేశారు. ఇవాళ కొత్త మొహాలు పెడితే అతకదు. సీను మొత్తం మళ్ళీ తియ్యాలి. వదిన పడ్డ ముక్క అప్పుడూ పోతుంది."

"మళ్ళీ తీస్తే ఆ కొత్తవాళ్ళు పడాలిగా, ఆ గచ్చుమీదే?" అంది బుట్టలావిడ.

 ఆవిడే చెయ్యి దులుపుకుని లేచింది. "అయితే పరుపులు కూడా అడుగుదాం. వట్టి నోరు మూసుకుంటే సరిపోదు."

ఎండ తగ్గకముందే అందరూ ఎవరి మెట్టు మీద వాళ్ళు నిలబడ్డారు. కెమెరా తిరిగింది. హీరో పడ్డట్టు కూర్చున్నాడు. చేతిరుమాలు ఊగింది.

నవ్వులక్క నోరు తెరవలేదు. ఆమె పక్కనున్నవాళ్ళూ తెరవలేదు. సంత సంతంతా కళ్ళప్పగించి హీరోని చూస్తూ నిలబడింది. పాపం, ఆ అబ్బాయి తన ముచ్చటైన మాటలన్నీ ఆ నిశ్శబ్దంలోనే చెప్పుకొచ్చాడు. చివరికి తనకే సిగ్గేసి ఆపేశాడు.

"నవ్వండిరా!" డైరెక్టర్ గొంతు చించుకున్నాడు. "కామెడీరా ఇది!"

"ఆ ముక్క తీసెయ్యండి, నవ్వుతాం" అంది నవ్వులక్క.

"పడేవాళ్ళకి పరుపులు వెయ్యండి" అంది బుట్టలావిడ.

రుమాలు మళ్ళీ ఊగింది, మళ్ళీ మళ్ళీ ఊగింది. చివరికి దాంతోనే అసిస్టెంటు చెమట తుడుచుకున్నాడు. ఏజెంటు ముందు తిట్టాడు, తరవాత బతిమాలాడు, ఆ తరవాత ఫోన్లు చేశాడు. ఒక ఫోను కొత్త జనం కోసం, ఒకటి పోలీసుల కోసం.

పోలీసులే ముందొచ్చారు. షూటింగ్ చెడగొట్టారని నవ్వులక్కనీ మీసాల బాబాయినీ పట్టుకున్నారు.

"ముందు ఆ టోపీ తియ్యి" అని గద్దించాడు ఇన్‌స్పెక్టర్.

"కంపెనీ టోపీ సార్. బట్టలవాళ్ళకి అప్పజెప్పి వస్తా" అన్నాడు బాబాయి. ఆయన దాన్ని బుట్టలావిడ చేతిలో పెట్టి, మీసం సర్దుకుని వ్యానెక్కాడు.

గేటు దగ్గర వ్యాను ఆగింది. ఎదురుగా ఏజెంటు తెప్పించిన బస్సు లోపలికొస్తోంది. కిటికీల నిండా మొహాలు, పని దొరికిందన్న సంబరం. నవ్వులక్క వ్యాను కమ్మీలు పట్టుకుని అరిచింది.

"సబ్బునీళ్ళ మీద పడేస్తారు! నిన్న మా పిన్ని చెయ్యి విరిగింది! పరుపులు అడగండి!"

"నోర్ముయ్" అన్నాడు కానిస్టేబులు. బస్సు లోపలికి వెళ్ళిపోయింది. కొత్తవాళ్ళు దిగారు. ఏజెంటు వాళ్ళని మెట్లవైపు తోశాడు. వాళ్ళలో నెరిసిన తలతో ఒకావిడ మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయి, వెనక్కి తీసుకుని, నేలంతా కలయజూసింది.

"పరుపులేవీ?"

ఏజెంటు డైరెక్టర్ వైపు చూశాడు. ఆమె వెనకున్నవాళ్ళు కూడా అందుకున్నారు. "అవునండీ, పరుపులేవీ?" బుట్టలావిడ టోపీ పట్టుకునే వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడింది. డైరెక్టర్ నెత్తిన చేతులు పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

ఇంకా గేటు దగ్గరే ఆగి ఉన్న వ్యానులోంచి అది చూసి నవ్వులక్కకి నవ్వొచ్చింది. ఎవరూ రుమాలు ఊపలేదు, కెమెరా తిరగడం లేదు. పొట్ట పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. మీసాల బాబాయి అందుకున్నాడు. గేటు లోపల మెట్లమీదున్న జనం అందుకున్నారు, కొత్తవాళ్ళు అందుకున్నారు.

డైరెక్టర్ లేచి "కట్! కట్!" అని అరిచాడు. ఎవరూ ఆపలేదు.