ఎవరూ ఊదొద్దు

పుల్ల ఆరలేదు.

కోవిల్‌పట్టి శివార్లలో మా అగ్గిపెట్టెల కంపెనీ గేటు బయట, పొద్దుటి వరస ముందు, ఫోర్‌మన్ మహేంద్రన్ పుల్ల గీసి సుబ్బులక్ష్మి ముఖానికి జానెడు దూరంలో పట్టాడు. ఆమె ఊదింది. మంట కాస్త వంగి మళ్ళీ లేచింది. రెండోసారి ఊదబోతే దగ్గు తెర తెరలుగా వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగిపోయింది.

"పక్కకి నిలబడు," అన్నాడు మహేంద్రన్. "మూచ్చు లేనిదానికి లోపల పనేంది?"

మా వాళ్ళు ఊపిరిని మూచ్చు అంటారు.

"నిన్నటిదాకా పెట్టెల్లో పుల్లలు నింపతా ఉంటిని గదన్నా," అంది సుబ్బులక్ష్మి ఆయాసపడుతూ. "చేత్తో గదా నింపేది, నోటితోనా?"

"దగ్గేవాళ్ళు వద్దని మొదలాళి చెప్పినాడు. నన్నడిగితే నేనేం చేసేది?"

మొదలాళి అంటే మా యజమాని శివరామన్. కొత్త మిషన్లు తెచ్చాడు, ఇక మనుషుల్ని తగ్గించాలి. ఎవర్ని తీసెయ్యాలో తేల్చుకోవడానికి కొరోనా మిగిల్చిన ఆయాసం ఆయనకి బాగా కలిసొచ్చింది. ఆ ఆయాసం సుబ్బులక్ష్మికి ఎక్కడ అంటుకుందో ఆయన అడగడు. మేం చెప్తాం. జబ్బు రెండోసారి విరుచుకుపడిన ఏడాది ఊరంతా తలుపులు మూసుకుంటే, ఈ కంపెనీ ముందు గేటుకి తాళం వేసి వెనక తలుపు తెరిచింది. మేం దొంగల్లాగా అందులోంచి దూరి, కిటికీలు మూసిన షెడ్డులో భుజాలు రాసుకుంటూ కూర్చుని పని చేశాం. సుబ్బులక్ష్మి జబ్బు తెచ్చుకున్నది ఆ షెడ్డులోనే. ఆమె నుంచి భర్త పెరియసామికి సోకింది. ఆమె బతికింది. అతను విరుదునగర్ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు, కడసారి ముఖం కూడా ఆమె చూడలేదు.

అప్పటినుంచి ఆమెను చెవులు కుట్టే వేడుకకి కూడా ఎవరూ పిలవరు. మొగుడికి చావు తెచ్చి పెట్టిందని సొంత అత్తే అంటుంది. ఆ అత్తకీ, బడికి పోయే కూతురికీ అన్నం పెట్టేది ఈ పనే. ఇది పోతే ఇంకో గేటు దగ్గర ఆ దగ్గు విన్నవాడు ఎవడు పిలిచి పని ఇస్తాడు?

నాకు ఒళ్ళు మండింది. మండి ఏం లాభం, ఆ రోజు మిగతా అందరం ఊదేసి లోపలికి పోయాం.

మరునాడు సుబ్బులక్ష్మి మళ్ళీ వరసలో నిలబడితే, నా పక్కన కూర్చుని పుల్లలు నింపే గాంధిమతి ఒక ఉపాయం చేసింది. ఆమె వెనక నిలబడి, భుజం మీదుగా తనూ ఊదింది. మరీ ఎక్కువ ఊదింది. పుల్ల ఆరడమే కాదు, నిప్పు రవ్వ ఎగిరి మహేంద్రన్ చొక్కాకి చిల్లు పడింది. ఇద్దర్నీ గెంటేశాడు.

ఆ సాయంత్రం, సుబ్బులక్ష్మి కోసం పని మానేద్దామా అని తేల్చుకోవడానికి మా వీధి కొళాయి దగ్గర అందరం చేరాం. బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ తీయలేదు.

"మూచ్చుండేవాళ్ళం మేమెందుకు పస్తుండాల?" మాతో పని చేసే ఇసక్కియమ్మాళ్ అరిచింది. "నాకి ముగ్గురు బిడ్డలు. ఈమె కోసరం నా పొయ్యి ఆర్పుకోమంటారా?"

"ఆ పుల్లల మందు పొడి నీ రొమ్ములోకి మాత్రం పోకుండా ఉంటాదా?" గాంధిమతి మీదికి వెళ్ళింది. "రేపు నీకూ దగ్గొస్తాది."

"వచ్చినప్పుడు చూస్తాంలే!"

"రేపు ఎవరూ పనికి పోవద్దు," అన్నాను నేను.

"పోకుంటే సాత్తూరు నుంచి వ్యానులో ఆడోళ్ళని తెస్తాడు. అప్పుడేం చేస్తావ్ జోతీ?" అంది ఇసక్కియమ్మాళ్.

ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరుచుకున్నాం. అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న సుబ్బులక్ష్మి చెయ్యెత్తింది.

"నాకి బదులు ఎవురూ ఊదొద్దండి." ఆగి ఊపిరి తీసుకుంది. "మీరంతా ఊదితేనే గదా, ఊదలేనిదాన్ని నేనొకదాన్నే అయితిని? ఎవురూ ఊదకుంటే... అప్పుడెవుర్ని ఏరేస్తాడు?"

ఇసక్కియమ్మాళ్ బిందె చంకకెత్తుకుని వెళ్ళిపోయింది.

పొద్దున చూస్తే వరసలో మొదట ఆమే ఉంది. అందరిలోకి గట్టి ఊపిరి ఆమెదే, ఒక్క ఊదుకి ఆర్పేస్తుంది. మహేంద్రన్ పుల్ల గీశాడు. ఇసక్కియమ్మాళ్ రొమ్ము నిండా గాలి పీల్చింది. పీల్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఊదు!"

ఆమె తల అడ్డంగా ఊపింది. మంట కిందికి పాకింది. మహేంద్రన్ "అబ్బా!" అని పుల్ల విసిరేసి వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఇంకోటి గీశాడు. రెండో మనిషీ ఊదలేదు. మూడో మనిషి నేను.

"మేం చేసిన పుల్ల గదన్నా," అంది వెనకనుంచి గాంధిమతి. "బాగా మండతా ఉండాదా?"

వరసంతా నవ్వింది. ఆ గేటు దగ్గర మేం నవ్వడం అదే మొదలు. నాకు భయమూ వేసింది, ఎగిరి గంతేయాలనీ అనిపించింది.

"అందర్నీ తీసుకుంటే లోపలికి వస్తాం. లేకుంటే ఎవురం రాం," అని ఇసక్కియమ్మాళ్ గేటుకి అడ్డంగా కూర్చుంది. ఆమె పక్కన అందరం కూర్చున్నాం.

ఎండ ముదిరేలోపు శివరామన్ కారు వచ్చింది. దాని వెనక పోలీసు జీపు, జీపు వెనక సాత్తూరు వ్యాను. దారికి అడ్డమన్నారు, జుట్టు పట్టి ఈడ్చారు. నన్నూ, గాంధిమతినీ, సుబ్బులక్ష్మినీ జీపులో తోశారు. మిగతావాళ్ళని లాఠీలతో రోడ్డవతలికి నెట్టారు. వ్యానులోంచి ఆడవాళ్ళు దిగి, తలలు వంచుకుని గేటు ముందు వరస కట్టారు.

మొదటామె ముందు మహేంద్రన్ పుల్ల గీశాడు. సుబ్బులక్ష్మి జీపు ఊచలు పట్టుకుని ఆమెకేదో అరిచి చెప్పబోయింది. మాట రాలేదు, దగ్గే వచ్చింది. ఆగని దగ్గు.

ఆ కొత్తామె ఇటు తిరిగి చూసింది. "ఆమె ఎందుకలా దగ్గుతోంది?" అని అరవంలో అడిగింది.

"కొరోనా వచ్చి పోయిన మనిషి. ఊదలేకపోయింది, అందుకే తీసేశాం. నువ్వు ఊదు."

"మా వదిన కూడా ఇలాగే దగ్గుతుంది," అంది ఆమె. పెదాలు బిగించింది.

జీపు కదిలింది. వేలు విదిలించుకుంటూ మహేంద్రన్ ఇంకో పుల్ల గీస్తున్నాడు. వరసలో రెండో మనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటోంది.