రెండడుగులు వెనక్కి

నేను ఒక కెమెరాను. రీలు వేసి తిప్పే పాత రకం. రేపల్లెలో ఒక బీరువా మీద నిన్నటిదాకా దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాను. ఒళ్ళంతా మంటగా ఉంది, చెప్పకుండా ఉండలేను.

ఫ్యాక్టరీలో నాకో కన్ను, చూసేవాడికో చిన్న కిటికీ పెట్టి పంపారు. మొదట నన్ను కొన్నది గుంటూరులో పెళ్ళి ఫోటోలు తీసే మస్తాన్. మీట నొక్కేముందు ఆ కిటికీ నాలుగు మూలలూ ఓసారి చూసేవాడు. ఎవరి తల వెనకైనా కరెంటు స్తంభం మొలిస్తే పక్కకి జరిగేవాడు. పిల్లల్ని తీయాలంటే మోకాళ్ళ మీద కూర్చునేవాడు. అంచున ఎవరైనా తెగుతుంటే రెండడుగులు వెనక్కి వేసేవాడు. ఇంతే. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది?

అతను కొత్తది కొనుక్కుని నన్ను డ్రాయింగు మాస్టారు కోటిలింగానికి అమ్మేశాడు. బడిలో ఈయన "ముందు కాగితానికి నాలుగు పక్కలా అంచు వదలండ్రా!" అని పిల్లల చెవులు మెలిపెట్టేవాడు. నన్ను పట్టుకుంటే మాత్రం మధ్యలో కూర్చున్న పెద్దమనిషి ముక్కు తప్ప ఆయనకింకేమీ కనపడేది కాదు.

ఆ ఇంట్లో ఏ ఫంక్షనైనా, గ్రూపు ఫోటోకి అందరికన్నా ఆఖరున వచ్చేది ఆయన భార్య సామ్రాజ్యం. వంటింట్లోంచి చేతులు కొంగుకి తుడుచుకుంటూ పరుగున వచ్చి చివర నిలబడేది.

"ఏవండీ, నేను పడుతున్నానా?"

"ఆఁ, పడ్డావులే. కదలకు."

పడలేదు! సగమే పడింది. నాకు కనపడుతూనే ఉంది. ఇరవై ఏళ్ళు లోపల్లోపల అరిచాను. 'టక్'మనడం తప్ప నాకు నోరేది?

పోయిన శ్రావణంలో ఆమె చనిపోయింది. దండ వెయ్యడానికి ఫోటో కావాలని కూతురు హైమవతి ఆల్బమ్‌లన్నీ తిరగేసింది. ఒకదాంట్లో మోచెయ్యి, ఒకదాంట్లో జడ, ఇంకోదాంట్లో చీర కొంగు. రేషను, ఆధార్ కార్డుల మీది ఫోటోలు పెద్దవి చేస్తే అలుక్కుపోయాయి. చివరికి ఒక్క ఫోటోలో సగం మొహం దొరికింది. స్టూడియోవాడు ఆ సగాన్నే కంప్యూటర్లో తిరగేసి రెండో సగంగా అతికించాడు. సామ్రాజ్యానికి ఎడమ చెంప మీద ఒక పుట్టుమచ్చ ఉండేది. పటంలో రెండు చెంపలకీ చెరొకటి వచ్చింది.

"బాగానే వచ్చిందిగా" అన్నాడు మాస్టారు.

"అమ్మ కాదు నాన్నా ఇది! ఎవర్నో తెచ్చి గోడకి తగిలించావు. అమ్మ ఎక్కడుంది చెప్పు, ఇన్ని ఫోటోల్లో మా అమ్మ ఎక్కడుంది?"

హైమవతి ఆ సాయంత్రమే బస్సెక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నిన్న మాస్టారు నన్ను దింపి, దుమ్ము తుడిచి, కిటికీలోంచి ఆ పటాన్ని చూశాడు. నాలుగు మూలలూ చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. ఇప్పుడా వేసేది, మహానుభావా!

పటం మొత్తం పడింది, రెండు మచ్చలతో సహా.

"పడ్డావే" అన్నాడు.

నాలో రీలు లేదు. ఉన్నా, ఆ మీట కదలనిచ్చేదాన్ని కాదు.