తొమ్మిదేళ్ల పథ్యం

నా పేరు రుద్రమ్మ. బళ్లారిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిలో మాకు ఖానావళి ఉంది. ఖానావళి అంటే భోజనం హోటలే, కాకపోతే మా దగ్గర అన్నం కన్నా జొన్నరొట్టెకే పేరు. ఆ పేరు నా చేతులది. నేనే చెప్పుకుంటే గొప్పలంటారు, అననీ. పదహారేళ్లు రోజుకు నూటయాభై రొట్టెలు తట్టిన చేతులకు ఆ మాత్రం గొప్ప ఉండకూడదా?

1984లో ఒకరోజు పిండిమూట ఎత్తబోతే నడుము పట్టేసింది. వంగినదాన్ని వంగినట్టే రిక్షాలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు మంచివాడే. మాత్రలిచ్చి, వంగొద్దమ్మా, బరువెత్తొద్దు అని చెప్పాడు. ఆ రోజు నుంచి నేను వంగలేదు.

తొమ్మిదేళ్లు వంగలేదు. నేల మీద కూర్చోలేదు. పొయ్యి పక్కన ఇనుప కుర్చీ వేయించుకుని, నడుముకు బెల్టు బిగించుకుని, రొట్టెలు తట్టే దేవక్క మీద అజమాయిషీ చేస్తూ కూర్చున్నాను. చేతిలోని గరిటె కిందపడితే తీసివ్వడానికి నా మొగుడు జంబన్న రావాలి. ఇంత జాగ్రత్తగా ఉన్నా నొప్పి తగ్గిందా అంటే, అదీ లేదు. మొదట నడుములో ఉండేది, తర్వాత తుంటికి దిగింది. ఆఖరికి ఎవరైనా చెంబు దబ్బున పెడితే ఆ చప్పుడుకే చుర్రుమనేది. చుట్టాలు నాటకమన్నారు. ఇంకో డాక్టరు ఎక్స్‌రే చూసి నీకేం లేదు పొమ్మన్నాడు. ఏం లేకపోతే నేనెందుకు ఏడుస్తాను? ఆ కోపమంతా దేవక్క మీదా, తినడానికి వచ్చేవాళ్ల మీదా తీర్చుకునేదాన్ని. నా నోటికి జడిసి గిరాకీ తగ్గిందని జంబన్న అంటాడు. అబద్ధం. కొంచెమే తగ్గింది.

1993లో ఉగాది వెళ్లాక దేవక్క చావుకబురు చల్లగా చెప్పింది. తెక్కలకోటలో కూతురి కాన్పు ఉందట, నాలుగు నెలల్లో వెళ్లిపోతుందట, ఇక అక్కడే ఉంటుందట. జంబన్న కొత్త మనిషి కోసం ఊరంతా తిరిగాడు. నా నోటి సంగతి తెలిసి ఒక్కతీ ముందుకు రాలేదు. సరిగ్గా అప్పుడే మాధవ అనే అతను వచ్చి, ఖానావళి నడిచే గదిలో ఎస్టీడీ బూత్ పెట్టుకుంటాను, ఇస్తారా అని అడిగాడు. రొట్టె లేని ఖానావళి ఎందుకని జంబన్న ఇచ్చేయడానికే మొగ్గాడు. దేవక్క వెళ్లే రోజు వరకు ఆగమని బతిమాలాను. నిజం చెబుతున్నాను, చాలా భయపడ్డాను. ఆ పొయ్యి ఆరిపోతే ఇంక నేనెవరిని? వీధి చివర నడుంనొప్పి ఆమెను, అంతే.

జంబన్నే ఎక్కడో విని వచ్చాడు. పంకజాక్షి అనే ఫిజియోథెరపీ ఆమె గురువారం గురువారం సత్రంలో నొప్పులవాళ్లకు పాఠం చెబుతోందట. నొప్పికి మందుంటుంది, లేదంటే వాత ఉంటుంది, పాఠమేమిటి నా మొహం అన్నాను. వాతలు రెండు అప్పటికే నా నడుము మీద ఉన్నాయి. అయినా వెళ్లాను. బాగోకపోతే నాలుగు తిట్టి రావచ్చు కదా అని.

పంకజాక్షికి ముప్పై ఏళ్లు ఉంటాయేమో. బజారులో బట్టల అంగడివాళ్ల కోడలు, బెంగళూరులో చదివింది. మేము తొమ్మిదిమంది. నా పక్కన హంపయ్య అనే రైతు, హగరి నుంచి రైల్లో వచ్చేవాడు, ఆరేళ్లుగా భుజం నొప్పి. ఆమె బొమ్మలూ బోర్డులూ ఏమీ పెట్టలేదు. మీ జొన్నచేనుకు కావలి ఎవరుంటారని హంపయ్యను అడిగింది. గాళెప్ప అని ఒకడున్నాడు, మంచె మీద కూర్చుని పిట్టలొస్తే డబ్బా వాయిస్తాడు అన్నాడు హంపయ్య. అలా మాట మీద మాట లాగితే, ఒక ఏడాది అడవిపందులు పడి చేనంతా తొక్కేసిన సంగతి బయటికొచ్చింది.

"మరుసటేడు గాళెప్ప ఎట్లుండె?" అంది పంకజాక్షి.

"ఏం చెప్పేది మేడమ్. గాలికి ఆకు కదిలినా డబ్బా కొట్టేవాడు. మా చెవులు పగిలిపాయె."

"తరిమేస్తిరా మరి?"

"కావలోన్ని తరిమితే చేనెవురు చూస్తారు? నేనే నాలుగు దినాలు వాని పక్కన మంచె మీద కూకుంటి. ఇది గాలప్పా, ఇది ఉడతప్పా అని చూపిస్తి. మెల్లమెల్లగా తగ్గించినాడు."

మన ఒంట్లోనూ అలాంటి కావలివాడే ఉన్నాడని ఆమె చెప్పింది. ఒకసారి గట్టి దెబ్బ తగిలాక, ఆ దెబ్బ మానినా వాడి బెదురు మానదు. మనం కదిలినా, కదలాలని అనుకున్నా డబ్బా అందుకుంటాడు. మనం భయపడి కదలడం మానేస్తే, చూశావా నిజంగానే పందులున్నాయి అని వాడికి ఇంకా నమ్మకం కుదురుతుంది. డబ్బా మోగిన ప్రతిసారీ చేను పాడైనట్టు కాదు, నొప్పి వచ్చిన ప్రతిసారీ లోపల ఏదో తెగినట్టు కాదు అంది.

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడి, "అంటే మాది ఉత్తుత్తి నొప్పి అంటావా?" అని అడిగాను.

"కాదక్కా," అంది. "డబ్బా నిజంగానే మోగుతాండాది. మీకు నొప్పి నిజంగానే ఉండాది. పందులే లేవు."

కూర్చున్నాను. తొమ్మిదేళ్లలో నా నొప్పి నిజమని ఒప్పుకున్న మొదటి మనిషి ఆమె. కళ్లలో నీళ్లు తిరిగితే జలుబు చేసినట్టు కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

మూడో గురువారం మమ్మల్ని ఒక్కొక్కరినే, నొప్పి వచ్చాక ఏ పని మానేశారు, ఎవరు మానమన్నారు అని అడిగింది. నా వంతు రాగానే డాక్టరు సంగతి చెప్పాను. ఎన్నాళ్లు వంగొద్దన్నాడని అడిగింది. అది ఆయన చెప్పలేదు. మూడు వారాలకు మళ్లీ వెళితే ఆ కుర్చీలో వేరే ఆయన ఉన్నాడు, మొదటాయనకు బదిలీ అయిందన్నారు.

"మళ్ల ఇన్నేండ్లు ఎందుకున్యారక్కా అట్ల?"

"పథ్యం పెట్టినాయన ఇడిపియ్యకుండానే పాయె. నా అంతకు నేను ఎట్ల ఇడిచేది?"

మా వైపు కామెర్లకు ఆకుమందు ఇచ్చినా, పక్షవాతానికి కషాయం ఇచ్చినా పథ్యం పెడతారు. పులుపు వద్దంటే వద్దు, ఉప్పు వద్దంటే వద్దు. దాన్ని మనంతట మనం విడవకూడదు. పెట్టినవాళ్లే ఒక రోజు చెబుతారు. ఆ రోజు తలంటు పోసుకుని, ఆకు వక్క పట్టుకుని వెళితే, వద్దన్న దాన్నే ఒక ముద్ద తమ చేత్తో నోట్లో పెట్టి విడిపిస్తారు. ముందే విడిస్తే మందు తిరగబడుతుందని మా అమ్మ, మా అవ్వ అందరూ చెప్పినదే. ఇంగ్లీషు డాక్టరు మాటకు వేరే పద్ధతి ఉంటుందని నాకేం తెలుసు?

నవ్వుతారనుకున్నాను. నవ్వితే చెడామడా దులపడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. ఎవరూ నవ్వలేదు. హంపయ్య తల ఊపాడు, అతనిదీ అలాంటి కథే మరి. పంకజాక్షి, "ఆయప్ప కొన్ని దినాలకే చెప్పింటాడక్కా. ఎప్పుడు ఇడవల్లో చెప్పకుండా పోయింది మా తప్పు, మీది కాదు," అంది. ఆయనదీ తనదీ ఒకే వైద్యం కాబట్టి ఆయన బదులు తాను విడిపిస్తే ఒప్పుకుంటానా అని అడిగింది. తొమ్మిదేళ్లకు ఒకరు అడిగారు. ఒప్పుకోక ఏం చేస్తాను?

మరుసటి గురువారం పొద్దున ఖానావళికి వచ్చింది. నేను తలంటు పోసుకుని ఆకు వక్క సిద్ధంగా పెట్టుకున్నాను. ఆమె వాటిని కళ్లకద్దుకుని, పట్టుచీర అని కూడా చూడకుండా పొయ్యి ముందు నేల మీద కూర్చుని పక్కన చోటు చూపించింది. జంబన్న ఒక రెక్క, దేవక్క ఒక రెక్క పట్టుకుంటే కూర్చున్నాను. ఒక్క రొట్టెకు సరిపడా పిండి పిసికి, రొట్టెలు తట్టే పలక మీద పెట్టి, ముందుకు వంగాను.

నడుము భగ్గుమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె తన అరచేతిని నా చేతి మీద పెట్టి, నాతో పాటే వంగింది. "మోగనీక్కా. వాని పక్కన కూకున్యాము కదా, చూపిస్తాము," అంది. ఇద్దరం కలిసి తట్టాం. ఆమెకు రొట్టె తట్టడం బొత్తిగా రాదు, పైగా నా చేతికి అడ్డం. ఒక మూల చిరిగింది, ఇంకో మూల మందం. పెనం మీద కాలుతుంటే నేను వెక్కి వెక్కి ఏడ్చాను, ఈసారి జలుబని సాకు కూడా వెతకలేదు. ఆ రొట్టెలో ముక్క తుంచి ఆమె నా నోట్లో పెట్టింది. మిగతాది జంబన్న ఎవరికీ ఇవ్వకుండా తినేశాడు.

అంతటితో అంతా బాగైపోయిందనుకునేరు. ఆ వారమంతా రోజుకు ఒకటే తట్టమంది, పై వారం మూడు, ఆ తర్వాత ఆరు. నాకు ఓపిక ఎక్కడిది? ఒకరోజు ఉత్సాహం పట్టలేక పాతిక తట్టి, రెండు రోజులు మంచమెక్కి ఆమెను నానా మాటలూ అన్నాను. ఆమె వచ్చి విని, కావలివాణ్ణి ఒక్కసారే హడలగొట్టారు కదక్కా అని, మళ్లీ ఆరు దగ్గర మొదలుపెట్టించింది. దేవక్క బస్సెక్కే రోజుకు నలభై రొట్టెలు చేస్తున్నాను, మధ్య మధ్య లేచి నాలుగడుగులు తిరుగుతూ. నూటయాభై కాదు, నలభై. మాధవ గది మాట అడగడానికి వస్తే జంబన్న ఆకు వేసి, వేడి రొట్టె వడ్డించాడు. మాధవ తిన్నాడు, రెండోది అడిగాడు, బూత్ సంగతి ఎత్తకుండా వెళ్లిపోయాడు. ఇనుప కుర్చీని నేనే వీధిలోకి ఈడ్చాను.

మూడేళ్ల తర్వాత పంకజాక్షికి మైసూరులో పిల్లలకు ఈ విద్యే నేర్పే ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు మా తొమ్మిదిమంది ఇళ్లకూ వెళ్లింది. హగరికి రైల్లో వెళ్లి హంపయ్యకు కూడా చెప్పి వచ్చిందట. మా ఇంటికి మధ్యాహ్నం గిరాకీ అయ్యాక వచ్చింది. పలక ముందు నేలమీదే కూర్చుని రెండు రొట్టెలు తిన్నది.

"చెప్పకుండా పోయేదాన్ని కాదక్కా," అంది. "నేను చెప్పింది ఏదీ పథ్యం కాదు. ఎన్ని తట్టల్లో, యాడ చాలనల్లో ఇంక మీకే తెలుసు. నన్ను అడిగే పని లేదు."

చేతులెత్తి మొక్కుదామంటే చిన్నపిల్ల, ఆయుక్షీణమంటారు. నేను అలా నిలబడి ఉండగానే ఆమె లేచి వచ్చి, దీవించమని నా కాళ్ల మీదకు వంగింది. నేనూ వంగాను. ఆ పిల్లను రెండు రెక్కలూ పట్టుకుని పైకి ఎత్తాను. నడుము చుర్రుమంది. మోగనీలే అనుకుని, ఆమెను ఇంకాసేపు అలాగే పట్టుకున్నాను.