చల్లారే పొయ్యి ముందు

మా కోడలు రొట్టెల దుకాణం పెట్టిన కొత్తలో ఆ పిల్లకి పరుగే తప్ప నడక లేదు. పొయ్యి ఇటుకలది, గదిలో సగం అదే. లోపల కట్టెలు మండించి, ఇటుకలు బాగా కాలాక నిప్పులు బయటికి లాగేసి, ఆ వేడి మీద కాల్చాలి. కోడలేమో ఎవరు ముందడిగితే వాళ్ళది ముందు పెట్టేది. కేకు అంటే తలుపు తీసి పొయ్యి చల్లార్చేది. ఈలోగా ఇంకొకరు రొట్టె అనేసరికి మళ్ళీ కట్టెలు దోసేది. గుక్కెడు నీళ్ళు తాగే తీరిక లేదు, అయినా ఏదీ వేళకి అందేది కాదు.

దుకాణం నడిచేదంతా ఆసుపత్రి రొట్టెల మీదే. రోగులకి సాయంత్రం పెట్టేవి. మాటిమాటికీ ఆలస్యమవుతుంటే అక్కడి వంటావిడ వచ్చి, ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరేచోట చూసుకుంటామని మెల్లగానే చెప్పి వెళ్ళింది. ఆవిడ కేకలేసినా నాకంత భయమేసేది కాదు.

మర్నాడు కోడలు ఏం చేసిందనుకున్నారు? దుకాణం మూసేసింది. పొయ్యి మాత్రం రాజేసి, నిప్పులు లాగేసి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఉండి ఉండి ఓ పిండిముద్ద లోపల పెట్టడం, తీసి చూసుకోవడం. ఒకటి మాడింది, ఒకటి చక్కగా పొంగింది, ఒకటి పాలిపోయి వచ్చింది. మా అబ్బాయి గుమ్మంలో నిలబడి, "అమ్మా, నీ కోడలు పొయ్యితో కబుర్లు మొదలెట్టింది. ఇవాళ మనకి తిండి లేనట్టే" అన్నాడు.

ఆ పిల్ల వెనక్కి తిరగలేదు. "అత్తయ్యా, ఇది చల్లారుతూ చల్లారుతూ అన్ని పనులకీ వేళ ఇస్తోంది. మధ్యలో నేనే అడ్డం పడుతున్నాను" అంది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

తెల్లారాక ఒకే ఒక్కసారి రాజేసింది. ఇటుకలు భగభగలాడుతుండగా పల్చటి రొట్టెలు కాల్చేసింది. ఆ వేడి కాస్త తగ్గాక ఆసుపత్రి రొట్టెలు లోపల పెట్టి తలుపు వేసింది. సరిగ్గా అప్పుడే దిగాడు ఎప్పుడూ మా దగ్గరే కేకులు కొనే ఫొటోల దుకాణం పెద్దాయన. ఇంటికి చుట్టాలొచ్చారట, కేకు ఇప్పుడే కావాలట. ఆయన్ని మేమెన్నడూ ఆగమన్నది లేదు. నా కాళ్ళు వాటంతటవే కేకు రేకుల వైపు నడిచాయి.

"ఇప్పుడు తలుపు తీస్తే ఆసుపత్రి రొట్టెలు పాడవుతాయండీ. అవి దిగాక మీ కేకుకి తగ్గ వేడి వస్తుంది. అప్పుడు పెడతాను" అంది కోడలు.

"వేడి కూడా వంతులవారీగా వస్తుందా తల్లీ?"

"మా పొయ్యిలో వస్తుందండీ."

ఆయన కోడల్నీ, మూసిన తలుపునీ చూసి, సరే మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు. నేను కేకు రేకుల దగ్గర్నుంచి వెనక్కి వచ్చాను.

రొట్టెలు నిండుగా, తేనె రంగులో దిగాయి. ఇంకా బోలెడు పొద్దుండగానే మా అబ్బాయి బండిలో పట్టుకెళ్ళాడు. ఆ వెనకే కేకులు, కేకుల వెనక బిస్కట్లు, చివర్లో రస్కులు. ఒక్క కట్టె వేసిన వాళ్ళు లేరు. ఒక్క ముక్క మాడలేదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పొయ్యి ముందే బతికినదాన్ని. వేడి తగ్గితే కట్టె ఎగదోయడమే తెలుసు నాకు. ఆ తగ్గడంలో ఇంత పని దాగుందని ఎన్నడూ తట్టలేదు.

అబ్బాయి తిరిగొచ్చాడు. వేళాకోళమేమీ ఆడలేదు. వంటావిడ రొట్టె తుంచి చూసి, రేపూ ఇదే వేళకి తెమ్మందని చెప్పాడు. కోడలు తలూపి, చేతులు కడుక్కుని, అన్నం వేడిగా తిందామని లోపలికి వెళ్ళింది.

నేను మాత్రం పొయ్యి నోటి దగ్గర అరచెయ్యి పెట్టాను. సన్నటి వెచ్చదనం ఇంకా వస్తూనే ఉంది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.