వినే గదిలో పిన్ని

గ్రంథాలయం వెనక పాత పత్రికల కట్టలు పడేసే గది ఒకటుంది. దాన్ని చూపు లేనివాళ్ల కోసం వినే గదిగా మారుస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. గోడలకు రంగులు వేయించి, మెత్తటి కుర్చీలు వేసి, కథలు చదివి వినిపించే యంత్రాలు పెట్టింది. లైబ్రేరియన్ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. చక్కెర జబ్బుతో చూపు పోగొట్టుకున్న తన పిన్నిని ప్రారంభం రోజునే వెంటబెట్టుకొచ్చింది. కళ్లు పోయినా నోట్లో చమత్కారం పోని మనిషి ఆవిడ.

ఆ రోజు గదిలో కథలు లేవు, కెమెరాలున్నాయి. కంపెనీ తరఫున ఒప్పందాలు చూసే మేనేజరు పిన్నిని ఎగాదిగా చూసి పెదవి విరిచాడు. మనిషి మరీ కులాసాగా ఉందట. ఆవిడకు నల్లద్దాలు పెట్టించాడు, జుట్టు రేపించాడు. చీకట్లో ఉన్న బతుక్కి కంపెనీ వెలుగిచ్చిందని ఏడుస్తూ చెప్పమన్నాడు. పిన్నికి ఏడుపు రాకపోతే ఒకమ్మాయి అద్దాలెత్తి కళ్ల కింద గ్లిజరిన్ రాసింది. లైబ్రేరియన్‌కి అది నచ్చలేదు. కానీ గది వస్తోంది కదా అని తనే పిన్నిని కెమెరా ముందు కూర్చోబెట్టింది.

యంత్రం కథ మొదలుపెట్టాలంటే ముందు ఫోన్ నంబరు చెప్పాలి. వచ్చినవాళ్లంతా చెప్పారు. కొద్దిరోజులకే వాళ్ల ఫోన్లు మోగడం మొదలైంది. బీమా తీసుకోమని ఒకరు, అప్పిస్తామని ఒకరు. రోజూ వచ్చే ముసలి దర్జీ చెప్పిన సంగతి విన్నాక లైబ్రేరియన్‌కి అన్నం సయించలేదు. ఫోన్లో అమ్మాయి ఆయనతో తేనె పూసినట్టు అందట: "మీకు చూపు లేదని మాకు తెలుసు తాతగారూ. సంతకం అక్కర్లేదు, సరే అంటే చాలు."

ఆమె నేరుగా కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. మేనేజరు మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించాడు. అతని వెనక గోడ నిండా పిన్ని ఫొటో, చెంపల మీద గ్లిజరిన్ ధార.

"ఊరికే ఎవరిస్తారు మేడమ్? మేం వినిపిస్తున్నాం, వాళ్లు మా మాటా కాస్త వింటున్నారు. భాగస్వామ్యమంటే అదేగా," అన్నాడు.

అతని ముఖంలో సిగ్గు కోసం వెతికింది. అక్కడున్నది పళ్లికిలింపు ఒక్కటే. నీళ్లు ముట్టకుండా లేచి వచ్చేసింది.

ఆ సాయంత్రమే యంత్రాల తీగలన్నీ పీకి, అట్టపెట్టెల్లో పెట్టి తిప్పి పంపేసింది. పై అధికారి గట్టిగా చివాట్లు పెట్టాడు. వచ్చిన లక్ష్మిని కాలదన్నే చేతగాని మనిషని తిట్టాడు. కంపెనీ ఆ యంత్రాల్నే పక్క పేట గ్రంథాలయానికిచ్చి మళ్లీ రిబ్బను కత్తిరించింది. పేపర్లో వచ్చిన ఆ బొమ్మ చూసి ఆమె పేజీ మడిచి అవతలికి నెట్టింది. ఆ పేటవాళ్లకి చెబుదామని ఫోన్ చేస్తే, అక్కడి లైబ్రేరియన్ మాట పూర్తికాకుండానే పెట్టేశాడు.

"నిన్ను ఆ అద్దాల్లో కూర్చోబెట్టింది నేనే పిన్నీ," అంది ఆమె.

"నువ్వే మరి. అడుసులో దిగావు, కాళ్లు కడుక్కున్నావు. ఇక పుస్తకం తియ్యి."

ఇప్పుడు మధ్యాహ్నాలు ఆమే గొంతెత్తి చదువుతోంది. వారానికి రెండురోజులు దర్జీగారి కోడలు వచ్చి చదువుతుంది. కోడలు తడుముకుంటుంది, ఎవరూ ఏమీ అనరు. పిన్నికి మాత్రం వర్ణనలు గిట్టవు.

"కొండలూ వెన్నెలా తర్వాతే. ముందు ఎవరు ఎవరిని చంపారో చెప్పు," అంటుంది.